ఒకటే పొయ్యి అని రాసిన ఇల్లు

మొన్న మా ప్రొద్దుటూరు వీధిలోకి చేతిలో ఫోను పట్టుకుని ఒక అమ్మాయి ప్రభుత్వ పథకాల సర్వేకు వచ్చింది. మా ఎదురింట్లో అన్నదమ్ములు ముగ్గురున్నారు, ముగ్గురి సంసారాలకూ కలిపి ఒకటే వంట, ఒకటే కుక్కరు. అయినా పెద్దవాడు ఏమాత్రం తడబడకుండా తామెప్పుడో వేరు పడ్డామని, మూడు కుటుంబాలుగా రాసుకోమని చెప్పాడు, ఆ పిల్ల గడప దాటకుండానే రాసుకుని పోయింది. నాకు నవ్వు రావాల్సింది, రాలేదు. నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, మన రోజుల్లో ఈ అబద్ధం తలకిందులుగా ఉండేది. వేరుపడి ఏళ్లయినవాళ్లు కూడా కలిసే ఉన్నామని చెప్పేవాళ్లు. అలాంటి అబద్ధాన్ని ఒకదాన్ని నా చేత్తోనే కాగితం మీదికెక్కించాను. ఆ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పుకోలేదు.

అప్పుడు నేను జమ్మలమడుగు దగ్గర కొత్తగా చేరిన బడిపంతుల్ని. పల్లెల్లో జనం ఎంతమంది, ఎట్లా బతుకుతున్నారు అని ప్రభుత్వం ఇంటింటి లెక్క తీయించింది. పాఠాలు పక్కన పెట్టి ఆ పని మా నెత్తిన వేసుకున్నాం. అటువైపు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోవాలంటే ఎండలో సగం పూట నడక. దారి పొడుగునా నల్లరేగడి, నాపరాళ్లు, ఎక్కడో ఒక గొర్రెల మంద, అంతే. ఇంటి గోడ మీద ఎర్రటి జాజుతో నంబరు వేసి, మట్టి మిద్దెనా బండల మిద్దెనా, నీళ్లు ఎక్కడినుంచి తెచ్చుకుంటారు, దీపం ఏమిటి అని అడిగేవాళ్లం. ఒక ముసలవ్వ మనవళ్ల సంఖ్య చెప్పనంటే చెప్పనంది, పిల్లల్ని లెక్కపెడితే దిష్టి తగులుతుందట. చివరికి ఆ పిల్లలందరినీ వీధిలోకి పిలిచి, తలా ఒక బెల్లం ముక్క పంచి, మిగిలిన ముక్కలను బట్టి లెక్క తేల్చుకున్నాను. ఆ ఉపాయానికి మా హెడ్మాస్టరు చాలా మెచ్చుకున్నాడు, నేనూ నా అంతవాడు లేడనుకున్నాను.

మాకు నేర్పిన నియమం ఒక్కటే, ఎన్ని పొయ్యిలుంటే అన్ని కుటుంబాలు. ఒకే కప్పు కింద ఉన్నా వేరుగా వండుకుంటే వేరే కాగితం రాయాలి. శిక్షణ ఇచ్చిన ఆఫీసరు ఇంకో మాట కూడా గట్టిగా చెప్పాడు. ఈ కాగితాలు ఒట్టి లెక్క కోసమేనని, వీటివల్ల ఎవరికీ వచ్చేదీ లేదు, పోయేదీ లేదని, అదే మాట జనానికి చెప్పి ధైర్యమివ్వమని అన్నాడు. నేను ఆ మాటను వేదవాక్కులా ఊరూరా మోశాను.

అట్లా మోసుకుంటూ పెన్న ఒడ్డున మా అక్కను ఇచ్చిన ఊరికి పోయాను. మా బావ చనిపోయి అప్పటికి నాలుగేళ్లు. ఆయన అన్న, మేము పెద్దబావ అని పిలిచే మనిషి, ఊళ్లో నలుగురికీ పంచాయితీ చెప్పే పెద్దరైతు. మా అక్క చిన్నకూతురితో ఆ ఇంట్లోనే ఉన్నా, తోడికోడలి మాటలు పడలేక పశువుల కొట్టం వెనక మూడు రాళ్లు పెట్టుకుని వేరే వండుకుంటోంది. నేను పోయిన పొద్దున ఆ పొయ్యి మీదే నాకు సంగటి కెలికి, చెనిక్కాయలతో ఊరిబిండి నూరి పెట్టింది. చెయ్యి కడుక్కుని, ముందు వసారాలో పెద్దబావ ఎదురుగా కాగితం తీశాను. రెండు పొయ్యిలు అని రాయబోతుంటే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"మన ఇల్లు రెండయిందని కాయితం మింద రాస్తావా బామ్మర్దీ? రేప్పొద్దున నేను ఇంగొకరికి పంచాయితీ యా మొగంతో జెప్పాల?"

తలుపు వెనక నుంచి అక్క, గొంతు పెంచకుండా, "నేను యేరే వండుకుంటాండా నాయనా. ఉండేది ఉన్నట్టు రాయి" అంది.

నేను బడికి పోయే రోజుల్లో రెండేళ్లు ఆ ఇంటి అన్నమే తిన్నాను. పెద్దబావ మాట కాదనలేకపోయాను. ఇది ఒట్టి లెక్కేనక్కా, దీంతో వచ్చేదీ లేదు పోయేదీ లేదు అని ఆఫీసరు మాట అక్కకు అప్పజెప్పి, ఒకటే పొయ్యి అని రాసి, కింద సంతకం పెట్టాను.

ఏళ్లు గడిచాయి. ఆనకట్ట కట్టి పెన్న నీళ్లు నిలబెడతారని, ఆ ఊరు మునిగిపోతుందని తేలింది. ఊరు వదిలేవాళ్లకు కుటుంబానికొక ఇంటి స్థలం అన్నారు, ఏ ఇంట్లో ఎన్ని కుటుంబాలో తేల్చడానికి మా పాత కాగితాలే బయటికి తీశారు. అక్క పేరు మీద ఏమీ లేదు. నేను ఆఫీసుకు పరుగెత్తి, ఆ ఇంట్లో రెండో పొయ్యి ఉండేదని, నేనే కళ్లారా చూశానని మొత్తుకున్నాను. అక్కడి గుమాస్తా మర్యాదగానే కాగితం నా ముందుకు తోసి, సంతకం మీదేనా సార్ అని అడిగాడు. శిక్షణలో ఇచ్చిన మాట గురించి చెబితే, అట్లాంటి మాట ఏ ఆర్డరులో ఉందో చూపించమన్నాడు.

పెద్దబావ ఒక్క మాట చెబితే పని జరిగేది. ఇద్దరం పోయి చెబుదాం రమ్మని బతిమాలాను. ఆయన మంచం దిగలేదు. "కాయితంలో ఒకటే ఉండాది గదప్పా. మాతోనే ఉండమను, ఎవురొద్దనిరి?" అన్నాడు. వేరుగా వండుకునే మనిషిని మళ్లీ ఆ తోడికోడలి పొయ్యి దగ్గరే చెయ్యి చాపమంటున్నాడని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు.

అక్క అక్కడ ఉండలేదు. అప్పటికి పెళ్లయి లింగాలలో ఉన్న ఆ కూతురి అత్తగారింటికి చేరింది. వియ్యంకుల ఇంట్లో కాలం వెళ్లబుచ్చడమంటే మన సీమ ఆడమనిషికి ఎట్లా ఉంటుందో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. వాళ్లు చెడ్డవాళ్లు కారు, వేళకు ఇంత పెట్టేవాళ్లు. చీనీ చెట్ల కింద ఎండుపుల్లలేరి వాళ్ల పొయ్యి దగ్గర వేసేది గానీ, తనకు ఏది తినాలని ఉందో ఒక్కనాడూ నోరు తెరిచి అడగలేదు. నేను చూడబోయిన ప్రతిసారీ ఆఫీసరు మోసం చేశాడని, పెద్దబావ గొంతు కోశాడని చెప్పేవాణ్ణి. ఒకసారి ఆమె అడ్డుపడింది.

"వాళ్లు నా పొయ్యి మింది కూడు తిన్లేదురా. నువ్వు దాని మింద వండింది తిని, శెయ్యి కడుక్కోని పోయి రాస్తివి."

ఆ తర్వాత ఆరు నెలలకు అక్క పోయింది.

ఇప్పుడు అటువైపు పోతే ఊరుండిన చోట నీళ్లు తెల్లగా మెరుస్తుంటాయి, జనం ఆగి ఫోటోలు తీసుకుంటారు. కొత్త కాలనీలో ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉన్నాయి, తండ్రీ కొడుకులు కూడా వేరు వేరు కార్డులు చేయించుకున్నారు. ఈ కాలం వాళ్లకు పరువూ మర్యాదా లేకుండా పోయాయని మా తోటి పెద్దలు అరుగు మీద కూర్చుని ఈసడించుకుంటారు. నేను మాత్రం వాళ్లతో గొంతు కలపలేను. ఒక మనిషి కనబడాలంటే మైళ్లు నడవాల్సినంత ఖాళీగా ఉండిన ఆ నేలలో, మా అక్క మూడు రాళ్లకు చోటు లేకుండా చేసింది నేను ఆ పరువుకు తలవంచి పెట్టిన సంతకమే.