నాన్న క్లారినెట్, నా రీడు

మా నాన్నకు పన్ను నొప్పి రాకపోయి ఉంటే, ఇవాళ్టికీ నేను ఆయన వెనకే నిలబడి రెండో క్లారినెట్ ఊదుతుండేదాన్నేమో.

నరసరావుపేటలో మాది పెళ్ళిళ్ళ బ్యాండు. నాన్నే మాస్టరు, క్లారినెట్ ఆయనది. శాక్సఫోన్ బాబాయిది. పిల్లనగ్రోవి కూడా ఒకప్పుడు ఉండేది. నడివీధిలో డ్రమ్ములు మోగుతుంటే అది ఊదేవాడికే వినపడేది కాదు. అందుకని నాన్న దాన్ని రిసెప్షన్లకే ఉంచాడు, అదీ మైకు ముందు.

డిగ్రీ చదివేటప్పుడు నేనూ బ్యాండులో చేరాను. చేతిలో క్లారినెట్ ఉన్నా మనసంతా శాక్సఫోన్ మీదే. బంగారు రంగు, ఏనుగు తొండంలాంటి వంపు. పెళ్ళికి వచ్చినవాళ్ళు సెల్ఫీ దిగాలంటే బాబాయి పక్కనే దిగేవాళ్ళు. మా నల్ల కర్ర వైపు చూసే దిక్కు లేదు. ఒకరోజు నాన్నను అడిగేశాను, నాకు శాక్సఫోన్ నేర్పించమని.

"శాక్సఫోన్ జనాన్ని ఊపుద్ది. పాటలో మాట పలకాల్సింది మాత్రం క్లారినెట్టే. ముందు మాట పలకడం నేర్చుకో" అన్నాడు.

ఇద్దరూ ఊదేది ఒకటే పాట గదా, ఇదేం మాట అనుకున్నాను.

రొంపిచెర్లలో పెళ్ళి ఒప్పుకున్నాం. ముందురోజు నాన్న చెంప బూరెలా వాచింది. డాక్టరు పై పన్ను పీకేసి, వారం దాకా ఏదీ ఊదొద్దన్నాడు. క్లారినెట్ ఊదేటప్పుడు పై పళ్ళు దాని మూతి మీద ఆనాలి, అక్కడే పచ్చి పుండు. నాన్న నోట్లో దూదితోనే తన క్లారినెట్ నా చేతిలో పెట్టి, "ఉవ్వే ముంఉ" అన్నాడు. నువ్వే ముందు అని. ఇంకోరోజైతే పడీ పడీ నవ్వేదాన్ని. ఆరోజు దాన్ని తిరిగి ఆయన చేతిలోనే పెట్టబోయాను.

"బాబాయి ముందుంటాడులే నాన్నా."

తల అడ్డంగా ఊపాడు.

పొద్దున ఊరి మొదటి నుంచి విడిది దాకా పెళ్ళికొడుకు ఊరేగింపు. పల్లవి ఎత్తుకున్నాను. రెండో గుక్కకే కీచుమంది. మళ్ళీ ఎత్తుకున్నాను. తుప్పు పట్టిన గేటు తీసినట్టు ఇంకో కీచు. గోడ మీది కోడి ఎగిరి అవతలికి దూకింది. పెళ్ళికొడుకు స్నేహితులు ఒకటే నవ్వు. "ఆ బంగారపుదాంతో ఊదించండయ్యా!" అని అరిచాడొకడు.

బాబాయి అందుకున్నాడు. బ్రహ్మాండంగా ఊదాడు, కుర్రాళ్ళు గంతులేశారు. అయితే చరణంలోకి వెళ్ళేసరికి డ్రమ్ములు, ట్రంపెట్లు, ఆ లావుపాటి గొంతు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయినయ్. పెళ్ళికొడుకు నాయనమ్మ కారులోంచి తల బయటపెట్టింది. "ఏందయ్యా ఇది? చానా సేపట్నుంచి వింటన్నా, మోతే గానీ పాటేదీ?" అంది.

అప్పుడెక్కింది నా తలకు. ఇన్నాళ్ళూ నాన్న పైన పాడుతుంటే బాబాయి కింద నుంచి మోస్తున్నాడు. పైన పాడే గొంతు ఇవాళ లేదు.

విడిదిలో టిఫిన్లకు ఆపారు. పెళ్ళిమేళంతో వచ్చిన సన్నాయి తాత అరుగు మీద కూర్చుని తన సన్నాయి పీకను నాలికతో తడుపుకుంటున్నాడు. పెళ్ళిలో ఆయన తీరే వేరు. మేము వీధికి, ఆయన పీటల దగ్గరికి. తాళి కట్టేటప్పుడు మేమంతా నోరు మూసుకుని ఆయనకు దారివ్వాల్సిందే. నన్ను చెయ్యూపి పిలిచాడు.

"అమ్మాయ్, ఎవరిదా క్లారినెట్టు?"

"మా నాన్నది తాతా."

"రీడు?"

"అదీ నాన్నదే."

క్లారినెట్ మూతికి బిగించిన ఆ రెల్లు బద్ద అంచును బొటనవేలి గోటితో నొక్కి చూశాడు. "ముప్పై ఏళ్ళు ఊదినోడి రీడు ఇది. చెక్కముక్కే. నీ పెదవికి లొంగుద్దా? నీది పెట్టుకో."

ప్లేట్లో ఇడ్లీ అట్లాగే వదిలేసి, నా పెట్టెలోంచి నా పల్చటి రీడు తీసి బిగించాను. దూరం నుంచి చూస్తున్న నాన్న నెత్తి కొట్టుకున్నాడు. అంత మాస్టరుకూ ఆ సంగతి తట్టలేదు మరి.

విడిది నుంచి మండపానికి బయల్దేరాం. ఎత్తుకున్నాను. పై స్వరాలకు వెళ్ళగానే పాట డ్రమ్ముల మోత దాటి పైకి లేచింది. బాబాయి చప్పున కిందికి దిగి, నేను ఊపిరి పీల్చుకునే సందుల్లో తన గొంతు నింపాడు. నా ఒళ్ళంతా తేలికైపోయింది. నాయనమ్మ కారు ఆపించి దిగింది. నా పక్కనే నడుస్తూ, నేను ఊదే స్వరానికి సరిగ్గా పాట మాటలు పాడటం మొదలుపెట్టింది. ఒక్క మాట పొల్లుపోలేదు. ఆ వెనకే ఆడవాళ్ళందరూ అందుకున్నారు. మండపం వచ్చినా ఎవరూ లోపలికి పోరే! పంతులుగారు బయటికొచ్చి ముహూర్తం దాటిపోతోందని కేకలేస్తే గానీ కదల్లేదు.

భోజనాలప్పుడు నాయనమ్మ వెతుక్కుంటూ వచ్చి తాంబూలం చేతిలో పెట్టింది.

"ఏమే, మా మనవరాలి పెళ్ళికీ నువ్వే రావాలి."

"ఎప్పుడు మామ్మా?"

"దానికింకా పదేళ్ళేలే. నువ్వు మాత్రం ఊదడం మానమాక."

ఆ పిల్ల ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. నేను మాచర్ల, గురజాల, అచ్చంపేట దాకా పెళ్ళిళ్ళకు పోతున్నాను. ఏటా శ్రావణం రాగానే మామ్మ ఫోన్ చేసి, హలో అని కూడా అనకుండా అడుగుద్ది.

"ఊదుతున్నావా, మానేశావా?"