అది రెండోది

మొన్న సెలవులకు వచ్చిన మనవరాలు కోచింగ్ పుస్తకం ముందేసుకుని నిశ్చితం–కారణం ప్రశ్నలకు టకటకా గుర్తులు పెట్టుకుంటూ పోతుంటే, ఒక్కదానికైనా ఎందుకో చెప్పవే అని అడిగాను. కారణం పొడుగ్గా ఉంటే ఒకటోది, అందులో 'మాత్రమే' అని ఉంటే మూడోది, మా సార్ ట్రిక్కు చెప్పిండు అమ్మమ్మా అంది. నలభై ఏళ్లు దాటినా ఆ దిక్కుమాలిన ట్రిక్కు ఇంకా బతికే ఉందా అని నాకు ఒళ్లు మండింది.

మెట్‌పల్లిలో పదో తరగతి చదివేటప్పుడు మా సైన్సు సారు నోట విన్నది అదే. నా ఈడువాళ్లకు అలాంటి సార్లు తెలిసే ఉంటారు, ప్రయోగాల గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, పరీక్షనాళికను బొమ్మలో చూపించి అదే సైన్సు అనుకొమ్మనే మహానుభావులు. ఆ ప్రశ్నల్లో ఒక మాట, దానికో కారణం ఇస్తారు. రెండూ నిజమై, ఇది దానికి అసలు కారణమే అయితే ఒకటో జవాబు. రెండూ నిజమే అయినా ఇది దానికి కారణం కాకపోతే రెండో జవాబు. ఏదో ఒకటి తప్పైతే మూడో, నాలుగో. ఆ రెండో జవాబంటే మా సారుకు గిట్టేది కాదు. రెండూ నిజమైతే ఇంకేం కావాలి, ఒకటి పెట్టి ముందుకు పొమ్మనేవాడు.

ఒకరోజు కుండ ప్రశ్న వచ్చింది. మట్టికుండలో నీళ్లు చల్లబడతాయి, కారణం, మట్టి వేడిని సరిగా పోనివ్వదు. సారు ఒకటి అన్నాడు, క్లాసంతా ఒకటే అంది. నేను లేచి రెండు అన్నాను. మట్టి సంగతి నిజమే కానీ నీళ్లు చల్లబడేది కుండ చెమర్చి ఆ తడి ఆవిరవుతున్నందుకు, లేకపోతే చెమర్చని పాతకుండలో ఎందుకు చల్లబడవని అడిగాను. జవాబు తెలియని మనిషి ఏం చేస్తాడో అదే చేశాడు, గంట కొట్టేదాకా నన్ను నిలబెట్టాడు.

ఆ ఏడే కరీంనగర్‌లో సైన్సు పోటీకి బడికి ఒక్కరిని పంపమన్నారు. గెలిచినవాళ్లను హాస్టల్లో ఉంచి ఇంటర్ చదివిస్తారట. మగ్గం నేసుకునే మా ఇంట్లో నాకు పై చదువు దక్కే దారి అదొక్కటే. క్లాసులో మార్కులు నావే ఎక్కువ. సారు తన అక్క కొడుకు పేరు రాశాడు. బాపు మగ్గం దిగి, కండువా సర్దుకుని అడగడానికి పోయి, తల వంచుకుని వచ్చాడు.

"ఆడపిల్లను గంత దూరం తోల్కపోవుడు తనతోని కాదంటుండు బిడ్డా. దూరమే గదా మరి."

"దూరం నిజమే, నేను ఆడపిల్లననుడు నిజమే బాపూ. గని గది రెండోది," అన్నాను. తర్వాత ఏడుస్తూనే ఆ ప్రశ్నల సంగతంతా చెప్పాను. బాపు అంతా విని, కండువాతో నా ముఖం తుడిచాడు.

అక్క కొడుకు ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. పేపరు కష్టంగా ఇచ్చారనీ, ఎండలు ఎక్కువనీ సారు ఊరంతా చెప్పుకున్నాడు, సిగ్గులేని మనిషి. అప్పటినుంచి మా ఇంట్లో సాకుకు పేరే మారిపోయింది. మమ్మల్ని పెండ్లికి పిలవని చుట్టాలు పత్రిక అందలేదా అని అడిగి పోతే, అవ్వ తలుపు దగ్గరికేస్తూ "రెండోది" అనేది.

పది పాసయ్యాక బాపు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, కాలేజీ దూరం, బస్సులు సరిగా ఉండవు అని మొదలుపెట్టి, మధ్యలోనే ఆగిపోయాడు.

"కాదు బిడ్డా, గది రెండోది. నువ్వు పోతే మగ్గానికి నూలు కండెలు చుట్టెటోళ్లు లేరు. మగ్గం ఆగుతది."

నా చదువు అక్కడితో ఆగింది. ఎంత ఏడ్చానో నాకే తెలుసు, కానీ బాపు మీద కోపం రాలేదు.

ఇప్పుడు బడులకు అద్దాల గదులొచ్చాయి, సారు నోటి ట్రిక్కులు రంగుల పుస్తకాలై అమ్ముడుపోతున్నాయి, రెండో జవాబు ఎందుకుందో అడిగే పిల్లలే కనబడరు. సాకులు చెప్పిన పెద్దమనుషులను ఆ తర్వాత ఎంతోమందిని చూశాను, వాళ్లు చెప్పినవన్నీ నిజాలే. చెబుతూ చెబుతూ ఆగి, ఇది రెండోదని తనంతట తాను ఒప్పుకున్నవాడు మాత్రం మా బాపు ఒక్కడే.