ఇంకో అర చుట్టు

తలుపుల మేస్త్రికి జనం పెట్టిన పేరు ‘అరచుట్టు’. నలభై ఏళ్ళు తలుపులకూ బీరువాలకూ మడతబందులు బిగించిన మనిషి. స్క్రూ పూర్తిగా దిగాక, అందరూ చేయి తీసేసే చోట, ఈయన పళ్ళు బిగబట్టి ఇంకో అర చుట్టు తిప్పేవాడు. ఆయన బిగించిన తలుపు ఊడిందన్న మాట ఎవరూ విని ఎరగరు. చిక్కల్లా మాటల్లోనూ అదే అలవాటు కావడం. తిట్టాల్సినంత తిట్టి ఊరుకోడు, పైన ఇంకోటి అంటాడు. ఆ ఒక్కటి పడలేకే తమ్ముడు కార్ఖానా వదిలి వెళ్ళిపోయాడు. కన్నకొడుకు అవును, కాదు తప్ప మాట్లాడడు. ఇంట్లో నోరారా పలకరించేది ఒక్క కోడలే.

ఆమె దగ్గర చవకరకం ఎలక్ట్రిక్ గిటార్ ఉంది. ఆరు తీగల్నీ బిగించే ఆరు కీలను మేస్త్రి చెవులంటాడు. మళ్ళీ ఎవరి చెవి మెలిపెడుతున్నావని ఆయన అడిగితే, మీది అందక దీనిది పట్టుకున్నానని ఆమె అంటుంది. ఇలా ఎదురు పరాచికాలాడే మనిషి ఆయనకు ఈ లోకంలో ఇంకొకరు లేరు.

ఆ రోజు నాలుగింటికి ఆమె ఓ స్కూల్లో పిల్లల ముందు వాయించి చూపించాలి. నచ్చితే సంగీతం టీచరు ఉద్యోగం. రెండేళ్ళుగా కాచుకుని కూర్చున్న అవకాశం. మూడింటికి ఆటో వస్తుంది. రెండుంపావుకి శ్రుతి చేయబోతే మూడో తీగ నిలవలేదు. సరిచేసి రెండుసార్లు మీటగానే దిగిపోతోంది. పట్టుకుని చూస్తే ఆ తీగ కీ ఊడబోయే పన్నులా కదిలింది.

చవక సరుకు బుద్ధి చూపించిందనీ, అంటగట్టిన షాపువాణ్ణి అనాలనీ ఆమె గొణుక్కుంది. మేస్త్రికి అసలు సంగతి తెలుసు. షాపువాడి తప్పేం లేదు. మొన్న ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఆ కీ వెనకున్న చిన్న స్క్రూ కాస్త లేచినట్టు కనిపించింది. చూస్తూ ఊరుకోలేక, తలుపులకు వాడే స్క్రూడ్రైవర్ తెచ్చి బిగించాడు. అక్కడితో ఆగితే ఆయన అరచుట్టు ఎందుకవుతాడు! కరకరమని చిన్న చప్పుడైంది. మెత్తటి చెక్క, లోపల కన్నం గుల్లయిపోయి స్క్రూ ఉత్తినే తిరిగింది. ఎవరూ చూడలేదు కదా అని మాట్లాడకుండా ఉండిపోయాడు.

ఆమె ఫోన్ తీసింది. ఈ రోజు రాలేనని స్కూలుకు చెప్పేస్తానంది. ఇప్పుడు కూడా మేస్త్రి కిక్కురుమనకపోతే తప్పు షాపువాడి మీదే ఉండిపోతుంది. ఉద్యోగం మాత్రం పోతుంది.

"చెయ్యకమ్మా. అది చెడగొట్టింది నేనే."

ఆమె అరవలేదు. తిడితే బాగుండుననిపించింది ఆయనకు. ఎప్పుడని అడిగింది. మొన్నని చెప్పాడు.

"రెండు రోజులు నాతో ఒక్క మాట చెప్పలేదు," అని గిటార్ బల్ల మీద పెట్టింది. "అరగంట ఉంది. మీరే చెయ్యండి."

చివర మామయ్యా అనే పిలుపు లేదు. మేస్త్రికి భయం వేసింది.

తీగ వదులు చేసి స్క్రూ తీశాడు. జిగురు పెడితే ఆరేసరికి రేపవుతుంది. అగ్గిపుల్ల తల విరిచి, బ్లేడుతో సన్నగా చెక్కి, కన్నంలోకి గట్టిగా దించి, పైకి మిగిలింది కోసేశాడు. ఆమె సంచిలోని చిన్న స్క్రూడ్రైవర్‌ని రెండు వేళ్ళతో పట్టుకుని తిప్పాడు. స్క్రూ పుల్లను కొరుక్కుంటూ దిగి, తల కీకి ఆనింది. ఆగాల్సింది అక్కడే. మణికట్టు ఆగనంటోంది. కాస్త తిప్పితే ఇంకా గట్టిగా ఉంటుందని నలభై ఏళ్ళ అలవాటు పోరుపెడుతోంది. తిప్పితే పుల్ల చీలుతుంది, ఉద్యోగం పోతుంది, ఈ పిల్ల కూడా అవును, కాదుల్లోకి దిగిపోతుంది. ఆమె ఆయన చేతినే చూస్తోంది. మేస్త్రి స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టేసి, చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు.

ఆమె శ్రుతి చేసి, పదిసార్లు గట్టిగా మీటింది. తీగ నిలిచింది. బయట ఆటో హారన్ కొట్టింది. వెనక్కి చూడకుండానే గిటార్ సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

మేస్త్రి గుమ్మంలోనే కూర్చున్నాడు. దారిలో కుదుపులకు పుల్ల జారిందేమోనని ఒకసారి, పిల్లల ముందు నవ్వులపాలైందేమోనని ఒకసారి, మనసు కుదురుగా లేదు. ఆరింటికి ఆమె వచ్చింది. తీగ చివరిదాకా నిలిచిందనీ, సోమవారం నుంచి రమ్మన్నారనీ చెప్పింది.

ఆయనకు పట్టరాని సంతోషం కలిగింది. ఇకనైనా ఆ డబ్బా పారేసి మంచిది కొనుక్కో అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. "మంచిదమ్మా," అన్నాడంతే.

ఆమె చెప్పులు విప్పుతూ తలెత్తింది.

"అంతేనా మామయ్యా? పైన ఇంకోటి అనరా?"

"ఉంది తల్లీ. కానీ ఆనింది కదా, ఇక తిప్పను."