స్ట్రౌడ్ దొరగారి పట్టా

ఒహాయోలో ఉక్కు మిల్లు కూలీల పిల్లల కోసం పెట్టిన కమ్యూనిటీ కాలేజీకి వెర్లిన్ స్ట్రౌడ్ దొరగారు ప్రిన్సిపాల్ కాగానే బోర్డు మీంచి ‘కమ్యూనిటీ’ అన్న మాట పీకించాడు. వెల్డింగు షెడ్డు పడగొట్టి గాజు మేడ కట్టించాడు. ఇదే కాలేజీలో తాను చదివి పుచ్చుకున్న పట్టా సొరుగులో దాచేసి, తన గదిలో యూనివర్సిటీ పట్టా ఒక్కటే తగిలించుకుని, రోజూ జేబురుమాలుతో తుడిచి మురిసిపోయేవాడు.

మేడ ప్రారంభోత్సవానికి ఆ కాలేజీలోనే పనిచేసి రిటైరైన లెక్కల టీచరు ప్రూయిట్ ముసలమ్మ కర్ర పోటేసుకుంటూ వచ్చింది.

"ఒరేయ్ వెర్లిన్! భిన్నాలు రాక నా క్లాసులో ఏడ్చేవాడివి, గుర్తుందా?" అంది ముఖమంతా వెలిగిపోతూ.

మేడకు డబ్బిచ్చిన దాతలంతా ఇటు తిరిగారు.

ఆయన టై సర్దుకున్నాడు. "మీరు పొరబడ్డారమ్మా. నేనిక్కడ చదవలేదు."

"అలాగా నాయనా... కళ్లు సరిగా ఆనడం లేదులే," అంటూ ఆవిడ చిన్నబోయి వెనుదిరిగింది.

"ఎవరావిడ?" అన్నాడొక దాత.

"పాపం, మతి తప్పింది," అని నవ్వాడు దొరగారు, ఆవిడ ఇంకా గుమ్మం దాటకుండానే.