నరం అలిగింది

ఈ రోజు ఉదయం నేనొక తప్పు చేశాను. కోటేశ్వరరావు అంకుల్ నడుము చూపించుకోవడానికి మా క్లినిక్‌కి వచ్చారు. ముప్పై ఏళ్ళ కిందట ఆస్ట్రేలియా వచ్చిన ఇంజినీరు, ఈ మధ్యే రిటైరయ్యారు. నడుములో మొదలై ఎడమ కాలి మడమ దాకా దిగే నొప్పికి, మా దగ్గరే పనిచేసే మేఘన అనే ఫిజియో ఆయనకు వైద్యం చేస్తోంది. ఈ రోజు ఆమెకు సెలవు కాబట్టి నేను చూస్తానన్నాను. ఆయన బల్ల మీద బోర్లా పడుకుంటూనే, "మేఘన మళ్ళీ ఎప్పుడొస్తుందయ్యా? ఆ పిల్ల చెబితే ధైర్యంగా ఉంటుంది నాకు" అన్నారు. నేను కాపడం సంచి వేడిచేస్తూ, ఆయన వైపు తిరగకుండానే అడిగాను. "ఇంతవరకూ స్కాన్ తీయించమనలేదా ఆవిడ?"

అంతే. ఆ 'లేదా' దగ్గర గొంతు కొంచెం సాగదీశాను. ఆయనకు స్కాన్ అక్కర్లేదని నాకు తెలుసు. మేఘన రాసిన నోట్స్ అంతకు ముందే చదివాను. కాలిలో బలం తగ్గలేదు, భయపడాల్సిన లక్షణం ఒక్కటీ లేదు, నొప్పి వారం వారం వెనక్కి తగ్గుతోంది. నేనైనా అంతకంటే ఎక్కువ చేసేవాణ్ణి కాదు. అయినా అడిగాను. అంకుల్ వచ్చేటప్పుడు మామూలుగా నడిచి వచ్చారు. వెళ్ళేటప్పుడు గోడ పట్టుకుని వెళ్ళారు.

ఆయన వెళ్ళాక గదిలో గోధుమల వాసన మిగిలింది. ఇక్కడ కాపడానికి గుడ్డసంచుల్లో గోధుమలు పోసి కుట్టి, మైక్రోవేవ్‌లో వేడిచేసి వాడతారు. మూకుట్లో గోధుమలు వేగుతున్నప్పటి కమ్మటి వాసన వస్తుంది. పదమూడేళ్ళ కిందట ఇదే వాసన మధ్య, ఇదే ప్రశ్న, ఇదే సాగదీతతో నేను మరొకరి గురించి అడిగాను. ఆ మనిషి పేరు శ్యామల. నాకు పని నేర్పిన మనిషి.

నేను ఇక్కడే ఫిజియోథెరపీలో మాస్టర్స్ చదివి, పరీక్షలన్నీ గట్టెక్కి, మెల్‌బోర్న్ పడమటి శివారులో ఆమె నడిపే చిన్న క్లినిక్‌లో చేరాను. శ్యామలక్కది వరంగల్. ఎప్పుడో హైదరాబాదులో చదివిన పాత డిగ్రీ, ఇక్కడ ఇరవై ఏళ్ళ అనుభవం. అందరూ అక్కా అనే పిలిచేవాళ్ళు. ఎదురింటి గ్రీకు ముసలావిడ అదే ఆమె పేరనుకుని, ఫోన్ చేసి "అక్కా ఉందా?" అని అడిగేది. నా డిగ్రీ పెద్దది, కొత్తది. గోడకు తగిలించడానికి నేనే మేకు కొట్టుకున్నాను. ఆమె దాన్ని చూసి, ఫ్రేము కొంచెం వంకరగా ఉందని సరిచేసి వెళ్ళింది.

మొదటి వారంలోనే ఒక జంట వచ్చింది. భర్తకు నడుము నొప్పి. నేను ప్లాస్టిక్ వెన్నెముక బొమ్మ తీసి, పూసల మధ్య ఎర్రగా పొడుచుకొచ్చిన ముక్క చూపిస్తూ, "డిస్క్ జారింది" అని వివరించాను. భార్య కళ్ళనీళ్ళు పెట్టుకుంది. భర్త కుర్చీలోంచి లేవడానికే భయపడ్డాడు. వాళ్ళు వెళ్ళాక అక్క ఆ బొమ్మను తీసుకెళ్ళి అల్మరాలో పెట్టి తలుపు వేసింది.

"జారింది అనకయ్యా. జారేటందుకు అదేమన్న సబ్బుబిళ్ళనా?"

"అందరూ అనే మాటే కదక్కా, స్లిప్‌డ్ డిస్క్."

"అనే నోళ్ళు అంటయి. ఇంటికి పోయి వంగుడు బంద్ జేసేది ఆయన." తర్వాత పక్కనే కూర్చుని, పసిపిల్లలకు చెప్పినట్టు చెప్పింది. పూసల నడుమ ఉండేది దిండు లాంటిది. లోపలి గుజ్జు కొంచెం పక్కకు ఉబ్బి నరాన్ని తాకుతుంది. చాలామందికి ఉబ్బినదాన్ని ఒళ్ళే నెమ్మదిగా సర్దుకుంటుంది. నొప్పి పుట్టించేది ఆ నరం. "నరం అలిగింది అని చెప్పు. అలిగినోళ్ళను గుంజొద్దు. అట్లని ఇడిచిపెట్టొద్దు. దగ్గర కూసోని జర జర కదిలియ్యాలె."

నాకు నవ్వొచ్చింది. అలక అట, నరానికి! ఇంత చదివి నేను ఈ మాట చెప్పాలా అనుకున్నాను. కానీ ఆమె గదిలో జనం ఆ మాటకు నవ్వేవాళ్ళు. నవ్వినప్పుడు బిగించుకున్న నడుము వదులయ్యేది. మా రెండు గదుల మధ్య గోడ పలచన. నా గదిలో ఖాళీగా కూర్చుని ఆ నవ్వులు వినేవాణ్ణి. ఆమె ఏం అడుగుతుందో చెవి పెట్టి విన్నాను కూడా. "పొద్దుగాల సాక్సు ఎవరు తొడుగుతున్నరు?" అని అడిగేది. 'నేనే' అంటే ఒక రకం, 'మా ఆవిడ' అంటే ఇంకో రకం. పోయినసారి భార్య తొడిగి, ఈసారి తనే తొడుక్కున్నాడంటే వైద్యం పనిచేస్తున్నట్టు. నేను అదే ప్రశ్న నా పేషెంట్లను అడిగి చూశాను. వాళ్ళు వింతగా చూశారు. ప్రశ్న దొంగిలించగలిగాను గానీ, జవాబు వచ్చేదాకా ఎదురుచూసే ఓపికను దొంగిలించలేకపోయాను.

అపాయింట్‌మెంట్ల డైరీలో ఆమె పేరు కింద రెండు వారాల దాకా ఖాళీ ఉండేది కాదు. నా కింద తెల్లగా ఉండేది. ఫోన్ చేసినవాళ్ళు, "అక్క లేదా? అయితే వచ్చాకే వస్తాం" అనేవాళ్ళు. వాళ్ళ పెరటి గోంగూర ఆమెకు, బచ్చలికూర ఆమెకు, పిల్లల పుట్టినరోజు కేకు ఆమెకు. ఆమె అందులో సగం నా బల్ల మీద పెట్టి వెళ్ళేది. అది తినేవాణ్ణి, తింటూ మండిపోయేవాణ్ణి.

సుగుణ ఆంటీ సంగతి చెప్పకపోతే ఇది అబద్ధమవుతుంది. నెల్లూరు నుంచి కూతురి దగ్గరికి వచ్చిన పెద్దావిడ. నడుము నొప్పికి మొదట నేనే చూశాను. నడుము నొప్పితో వచ్చిన ప్రతి మనిషినీ అడిగితీరాల్సిన ప్రశ్నలు కొన్ని ఉంటాయి. మలమూత్రాల మీద పట్టు ఉందా, కూర్చునే చోట స్పర్శ తెలుస్తోందా అని. తెలియకపోతే నరాల కట్ట మొత్తం నలుగుతోందని అర్థం. గంటలు లెక్కపెట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తాలి. మా అమ్మ వయసు ఆవిడను తెలుగులో ఆ మాట అడగడానికి నాకు నోరు రాలేదు. ఆ విషయాల్లో ఇబ్బంది ఏమైనా ఉందా అని, కాగితం చూసుకుంటూ ఇంగ్లీషులో గబగబా అడిగేశాను. ఆవిడ మర్యాదగా "నో నో" అంది. నేను 'ఇబ్బంది లేదు' అని రాసుకున్నాను.

రెండు రోజుల తర్వాత నొప్పి పెరిగి వస్తే అక్క చూసింది. గోడ అవతల నుంచి ఆమె గొంతు వినిపించింది. "అమ్మా, కడుక్కున్నప్పుడు చెయ్యి తగిలినట్టు తెలుస్తున్నదా?" తర్వాత ఏడుపు. నా దగ్గరికి వచ్చిన రోజు నుంచే తెలియడం లేదట, ఎవరికి చెప్పాలో తోచలేదట. అక్క తన కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఆ రోజే ఆపరేషన్ జరిగింది, ఆవిడ గట్టెక్కింది. మర్నాడు అక్క నాతో ఒక్క మాటే అంది. "ఇంగ్లీషుల అడిగితే నీ సిగ్గు దాగుతది గానీ, ఆమె రోగం బయటపడదు." ఆ తర్వాత ఆ సంగతి ఎవరి దగ్గరా ఎత్తలేదు. ఆంటీ కూతురు ఆమెకు చేతులెత్తి మొక్కుతుంటే, "మా వాడు ముందే జాగ్రత్తగ చూసిండు" అంది నన్ను చూపించి.

తిట్టి ఉంటే బాగుండేది. నా తప్పును తన కొంగు కింద దాచింది, అందుకే ఆమెను క్షమించలేకపోయాను. ఈ మాట రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

ఆ తర్వాత రెండు నెలలకు శ్రీనివాస్ వచ్చాడు. బ్యాంకులో కాంట్రాక్టు మీద సాఫ్ట్‌వేర్ పని, పాయింట్ కుక్ అనే శివారు నుంచి సిటీకి రోజూ కారులో రానూపోనూ మూడు గంటలు. డిస్క్ ఉబ్బి కుడికాలు లాగేస్తుండేది. అక్క మందులకు డాక్టర్ దగ్గరికి పంపి, రోజూ నడిపించి, కూర్చునే తీరు మార్పించి, నాలుగు వారాల్లో దారిలోకి తెచ్చింది. అంతలో ఆమె తన కూతురి స్నాతకోత్సవానికని వారం రోజులు అడిలైడ్ వెళ్ళింది. శ్రీనివాస్ నా దగ్గరికి వచ్చాడు. అరగంటలో ముప్పావు వంతు అక్క గురించే మాట్లాడాడు. ఆమె చేతిలో ఏదో ఉందన్నాడు. అప్పుడు అడిగాను నేను, "ఇంతవరకూ స్కాన్ తీయించమనలేదా ఆవిడ?" అని. అక్కడితో ఆగలేదు. "మీ డిస్క్ జారింది కదా, కాస్త చూసుకుని ఉండండి" అన్నాను.

అతను ఆ సాయంత్రమే పడక ఎక్కాడు. సొంత ఖర్చుతో స్కాన్ తీయించుకుని, అందులోని పెద్ద పెద్ద పదాలు చదువుకుని, వంగడం మానేశాడు. రెండేళ్ళ కూతుర్ని ఎత్తుకోవడం మానేశాడు. ఐదు వారాలు కదలకుండా పడుకుంటే తగ్గుతున్న నొప్పి తిరగబెట్టింది. బ్యాంకు వాళ్ళు కాంట్రాక్టు పొడిగించలేదు. నిర్లక్ష్యం చేసిందని అక్క మీద తెలుగువాళ్ళ గ్రూపులో రాశాడు. వారం తిరక్కుండా ఆమె డైరీలో మొదటిసారి తెల్ల గళ్ళు కనిపించాయి. నిజం రాస్తున్నాను, అవి చూసి నాకు సంతోషం కలిగింది.

శ్రీనివాస్ భార్య అక్కకు ఫోన్ చేసి, అసలేం జరిగిందో అడిగితే, నా మాట బయటపడింది. ఆ మధ్యాహ్నం అక్క నన్ను తన గదిలోకి పిలిచింది. కుర్చీ ఉన్నా, నన్ను పేషెంట్లు కూర్చునే బల్ల మీద కూర్చోబెట్టింది. గొంతు పెంచలేదు.

"నన్ను కొట్టాలనిపిస్తే నన్నే కొట్టాలె. ఆయన నడుముతోని కొట్టినవేందయ్యా?"

"నాకు సరైందనిపించిందే చెప్పానక్కా."

"ఇప్పుడు గూడ గదే చెప్తున్నవా?"

నేను నేల చూశాను. ఆమె కాసేపు ఎదురుచూసింది. సాక్సు ప్రశ్నకు జవాబు కోసం చూసినట్టే, ఓపిగ్గా. నేను ఇవ్వలేదు. ఆ తర్వాత నెలన్నర రోజులు ఆమె పని అయ్యాక శ్రీనివాస్ ఇంటికి వెళ్ళేది. మొదట ఇంటి ముందున్న పోస్టు డబ్బా దాకా, తర్వాత మలుపు దాకా, తర్వాత చెరువు చుట్టూ అతన్ని నడిపించింది. స్కాన్‌లో రాసినవి నొప్పి లేనివాళ్ళకూ ఉంటాయని వాక్యం వాక్యం చదివి చెప్పిందట. నేను మరో క్లినిక్‌కి దరఖాస్తు పెట్టుకున్నాను. వాళ్ళు అక్కకు ఫోన్ చేసి నా గురించి అడిగితే, పని వచ్చిన మనిషేనని చెప్పింది. అది నిజమే. పనితనం గురించే చెప్పింది, మంచితనం గురించి ఏమీ చెప్పలేదు.

ఆమె పోయి మూడేళ్ళయింది. అంత్యక్రియలకు వెళ్ళి చివరి వరసలో నిలబడ్డాను. ఇక్కడి పద్ధతిలో ఆమెను ఉంచిన పెట్టెను మోసిన ఆరుగురిలో శ్రీనివాస్ ఉన్నాడు. మోకాళ్ళు వంచి, పెట్టెను ఒంటికి దగ్గరగా పట్టుకుని, ఆమె నేర్పిన పద్ధతిలోనే ఎత్తాడు. ఆమె ముందు తలదించుకోవడానికి వచ్చినవాణ్ణి కదా, నాకు కలగాల్సింది దుఃఖం. కలిగింది అసూయ. ఆ బరువు అతని భుజానికి దొరికిందని. చెప్పాల్సిన క్షమాపణ నోట్లోనే పెట్టుకుని కారెక్కాను.

ఆమె దగ్గర నేర్చుకున్న ప్రశ్నలన్నీ ఇప్పుడు నేను తెలుగులోనే అడుగుతాను, ఎంత పెద్దావిడనైనా. 'జారింది' అనను. ఇన్నాళ్ళూ ఆమె దగ్గర నేర్చుకోవలసింది ఇంతేననుకున్నాను. ఇక్కడే పుట్టి, ముక్కలు ముక్కలుగా తెలుగు మాట్లాడే మేఘన వచ్చి ఏడాది కాకముందే, జనం ఆమె కోసం ఆగడం మొదలయ్యేసరికి, నేర్చుకోనిది ఎంత మిగిలిందో తెలిసింది.

మధ్యాహ్నం అంకుల్‌కి ఫోన్ చేశాను. అప్పటికే మంచమెక్కేశారు, స్కాన్ ఎక్కడ తీస్తారో కనుక్కోమని కొడుక్కి చెప్పారట. "అంకుల్, పొద్దున నేనడిగింది మీ నడుము కోసం కాదు. మీకు మేఘన కావాలన్నారని కుళ్ళుతో అడిగాను. మీకు స్కాన్ అక్కర్లేదు. లేచి నడవండి" అన్నాను.

"నీకెన్నేళ్ళు?"

"నలభై రెండండీ."

"ఇంకా చిన్నవాడివేం కాదు" అని ఫోన్ పెట్టేశారు. పెట్టేముందు వెనకాల మంచం కిర్రుమన్న చప్పుడు వినిపించింది. లేచారనే అనుకుంటున్నాను.

తర్వాత మేఘనకు చేశాను. సెలవు రోజున ఎందుకు చేశానా అని కంగారుపడింది. నేనన్న మాట అన్నట్టే, ఆ సాగదీతతో సహా చెప్పాను.

"వై? ఎందుకలా అన్నారు?"

"అసూయ" అన్నాను.

"అసూయ అంటే?"

ఆమెకు ఆ మాట నిజంగానే తెలియదు. అక్కడితో వదిలేసి ఉంటే నాకు సుఖంగా ఉండేది. "ఐ వాజ్ జెలస్ ఆఫ్ యూ, మేఘనా" అన్నాను. ఆ వాక్యం పలకడం నా జీవితంలో అదే మొదటిసారి.

ఆమె తన తెలుగులో, మెల్లిగా, ఒక్కో మాటా వెతుక్కుంటూ అంది. "ఓకే. రేపు ఎయిట్‌కి అంకుల్‌ని నాకు బుక్ చేయండి. మీరు కూడా రండి. నేను ఉన్నప్పుడు ఆయనకి చెప్పండి, ఇదే."

వస్తానన్నాను.