గరిక మడి

గోల్ఫ్ ఆడే కర్రను నేను జన్మలో ఒక్కసారి కూడా పట్టుకోలేదు. అయినా బోధన్ నుంచి విశాఖపట్నం సముద్రం దాకా ఒక గుంపును గోల్ఫ్ ఆటకు తీసుకుపోయే ఏర్పాట్లన్నీ చేసింది నేనే. ఈ మాట ఎవరికి చెప్పినా నమ్మరు. నమ్మకపోతే నాకు ఒళ్లు మండుతుంది. కోపం నాకు ముక్కు మీదే ఉంటుందని మా అవ్వ, అంటే మా అమ్మ, ఎప్పుడూ అనేది.

ఎనభైల చివరి మాట ఇది. చెరుకు తోటల మధ్య ఆఫీసర్ల క్లబ్బు ఒకటి ఉండేది. అందులో నేను టైపిస్టును. మా అవ్వ అదే క్లబ్బు మైదానంలో కలుపు తీసేది. బాపు పోయినప్పటి నుంచి ఆ పనే మమ్మల్ని సాకింది. నేను లోపల ఫ్యాను కింద, ఆమె బయట ఎండలో. "సారోళ్ల ముంగట నన్ను అవ్వా అని పిలువకు" అని మొదటి రోజే చెప్పింది. నేను మరింత గట్టిగా పిలిచేదాన్ని.

మైదానం అంటే పెద్దగా ఊహించుకోకండి. మొత్తం ఆరు గుంతలు. బంతిని కొట్టుకుంటూ పోయి ఆ గుంతలో వేయాలి, అంతే ఆట. గుంత చుట్టూ పట్టులాంటి పచ్చగడ్డి ఉండాలట. మా దగ్గర అన్ని నీళ్లెక్కడివి? ఇసుకలో వాడిన మిషను నూనె కలిపి, రోలరు తిప్పి, దాని మీదే ఆడేవాళ్లు. బంతి గరగరమంటూ పోయేది. ఆడి వచ్చిన ప్రతి ఒక్కరి బూట్ల కింద నల్లటి మడ్డి అంటుకుని, నా గది గచ్చంతా మరకలు చేసేది.

క్లబ్బు సెక్రటరీ చెరుకు శాఖలో పెద్ద ఆఫీసరుగా చేసి రిటైరైన మనిషి. మాట పెళుసు, మనసు మంచిది. ఒకరోజు నా బల్ల ముందు నిలబడి, "ఈ సీజన్ అయిపోంగనే అందరం కలిసి సముద్రం కాడికి పోదాం. సచ్చేలోపల ఒక్కసారన్న అసలు గడ్డి మీద ఆడాలె. ఉత్తరాలు రాయి" అన్నాడు. సీజనంటే మిల్లులో చెరుకు ఆడే కాలం, ఎండలు ముదిరేదాకా నడుస్తుంది. రాశాను. విశాఖపట్నం దగ్గర సముద్రపు ఒడ్డున కొత్తగా పెట్టిన రిసార్టు నుంచి రంగుల పుస్తకం ఒకటి వచ్చింది.

ఆ పుస్తకం తెరిచి నేను అన్నం తినడం మరచిపోయాను. నేను అప్పటికి సముద్రం చూడలేదు. కానీ నన్ను కట్టిపడేసింది సముద్రం కూడా కాదు. ఆ పచ్చదనం. ఒక్క గట్టు లేదు, ఒక్క కాలువ లేదు, నేలంతా ఒకే పచ్చగా పోయి పోయి నీలంలో కలిసిపోయింది. అంత పెద్ద నేలను ఏ పంటా వేయకుండా ఉంచుకునే మనుషులు ఈ లోకంలో ఉన్నారా అని దిమ్మ తిరిగిపోయింది. పరుగెత్తుకుంటూ పోయి అవ్వకు చూపించాను.

ఆమె చేతులు చీరకు తుడుచుకుని, పచ్చదనం మీద వేలు పెట్టింది. "గిదేం పంట?"

"పంట కాదవ్వా, గడ్డి."

"మరి గొడ్లేవి?"

"గొడ్లు లేవు. దీని మీద బంతాట ఆడ్తరు."

అవ్వ నా ముఖం వంక చూసింది, నేను ఎగతాళి చేస్తున్నానేమోనని. వెనకే వచ్చిన సెక్రటరీ సారు నవ్వి, "గది మన గరికనే అమ్మా. జర సన్నరకం, గంతే" అన్నాడు. ఆయన రుద్రూరు పరిశోధన కేంద్రంలో శిక్షణ తీసుకున్న మనిషి, మొక్కల సంగతి తెలుసు. అవ్వకు మాత్రం నమ్మబుద్ధి కాలేదు. గరిక! చెరుకులో, పసుపులో, వరి గట్ల మీద జన్మంతా పీకి పీకి ఆమె గోళ్లు అరగదీసిన గరిక. వేరు ముక్క మిగిలితే చాలు, వారానికి మళ్లీ లేచే ఆ పాడు గరిక. దానికి నీళ్లు పెట్టి పెంచుతారా?

సారు మనసులో ఇంకో ఆలోచన ఉంది. జన్మంతా ఇసుక మీద ఆడినవాళ్లు ఉన్నపళంగా గడ్డి మీదికి పోతే పరువు పోతుంది. అందుకని ఒక్క గుంత చుట్టూ అయినా గడ్డి పెంచి, మూడు నెలలు సాధన చేసి పోవాలి. "పెంచుతవా?" అని అవ్వను అడిగాడు. "మడి సమంగ ఉండాలె. గడ్డి బతికితే నిన్ను సుత మాతోని తీస్కపోతం."

అవ్వ ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని తనలో తానే నవ్వుకుంది. "గంత గరికను ఒక్కసారి కండ్లార సూడాలె" అన్నది. సముద్రమో అని అడిగితే, "సముద్రం ఏడికి పోతది" అన్నది. ఆమె తన కోసం ఏదైనా కావాలని అనడం నేను వినడం అదే మొదటిసారి. ఎట్లాగైనా ఆమెను తీసుకుపోవాలని ఆ పూటే గట్టిగా అనుకున్నాను.

మడి ఎలా చేయాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. వరి నారుమడి ఎలా చేస్తారో అలాగే చేసింది. నీళ్లు నిలిపి, తొక్కించి, చెక్కతో సాపు చేసి, నీళ్లు ఏ మూలా ఎక్కువ తక్కువ కాకుండా నిలిచేదాకా వదల్లేదు. తర్వాత చెరుకు చేలలోంచి గరిక తెచ్చి వేలెడంత ముక్కలు చేసి నాటించింది. ఎడపల్లి వైపు పోయే చెరుకు బండ్లవాళ్లు ఆపి మరీ నవ్వారు. "గరిక నాటుతున్నవా అవ్వా? మా చేన్ల మస్తున్నది, పున్యముంటది, అంత తీస్కపో" అన్నాడొకడు. అవ్వ తల ఎత్తకుండా, "నీ చేన్ల గరిక గూడ నీ లెక్కనే ముదురు, నాకొద్దు" అన్నది.

సారు రోజూ అగ్గిపుల్ల పట్టుకుని వచ్చేవాడు. గడ్డిలో పుల్ల నిలబెడితే సగం పైకి కనిపించాలి. లేకపోతే మళ్లీ కోత. అవ్వా, మరో ముగ్గురు ఆడవాళ్లూ వరుసగా కూర్చుని కొడవళ్లతో కోసేవాళ్లు. తుంగ మొలిస్తే సూదితో తీసినట్టు తీసేవాళ్లు. గరిక తప్ప మరేదీ ఉండకూడదు. "లోకం తలకిందులైంది" అని అవ్వ గొణిగేది, చేతులు మాత్రం ఆగేవి కావు.

ఈలోగా నేను రైలు ఫారాలు నింపాను. ఫారానికి ఆరు పేర్లు. ఆడేవాళ్లు తొమ్మిది మంది, వాళ్లలో ఒకరైన డాక్టరు గారి భార్య తోడు. రెండో ఫారంలో రెండు గీతలు ఖాళీ. అక్కడ అవ్వ పేరు, నా పేరు రాశాను. లెక్కలు, గదులు, ఆటలో బంతిని ఎవరు ఎన్నిసార్లు కొట్టారో రాయడం, ఇవన్నీ నేను లేకపోతే వాళ్లకు నడవవు. సీజన్ ఎప్పుడు ముగుస్తుందో తేలలేదు కాబట్టి ఫారాలు నా సొరుగులోనే ఉన్నాయి.

నిజామాబాద్ పసుపు సేటు ఒకాయన వాటిని చూసి ముఖం మాడ్చుకున్నాడు. ఆయనా ఆ తొమ్మిదిలో ఒకడు. "కలుపు తీసే ఆమెకు గాడ ఏం పని? నాకు గక్కడి తిండి పడదు. మా వంటాయన పేరు రాయి" అన్నాడు. నేను రాయనన్నాను. నీ మర్యాద నువ్వు కాపాడుకో అన్నాడు. నేను ఊరుకోలేదు. సారు వచ్చి మా ఇద్దరి నోళ్లూ మూయించి, "గడ్డి తయారయినంక మాట్లాడుదాం" అన్నాడు.

ఒక పొద్దున గడ్డి తయారైంది. అలా ఎలా అంటే నాకు చెప్పడం రాదు. నిన్నటిదాకా అక్కడక్కడ మన్ను కనిపించేది. ఆ పొద్దున మన్ను లేదు. మంచు పట్టి, మడి మొత్తం ఒకే పచ్చగా, ఒక్క గీతా లేకుండా ఉంది. పుస్తకంలోని బొమ్మలోంచి ఒక ముక్క కోసి మా నల్లరేగడిలో పరిచినట్టుంది. మా అవ్వ చేతులు ఇది చేశాయా? ఆమె చేతుల వంక చూశాను. ఎప్పటిలాగే మట్టి కొట్టుకుని ఉన్నాయి.

మొదటి బంతి సేటే కొట్టాడు. శబ్దమే లేదు. ఆ చివర నుంచి ఈ చివరకు బంతి తిన్నగా, తొందరేమీ లేనట్టు పోయి గుంతలో పడింది. అంత దూరం నుంచి ఆయన జన్మలో వేయలేదు. బూట్లు విప్పి, ఉత్త కాళ్లతో మడి మీద నడిచాడు. నా వైపు చూడకుండా, "వంటాయన వద్దులే" అని వెళ్లిపోయాడు.

ఇక అడ్డే లేదనుకున్నాను. మా ఈస్టరు పండుగకు అవ్వ ఎడపల్లిలో మా చిన్నమ్మ ఇంటికి పోయి రెండు రోజులు ఉంది. నీళ్లు పెట్టమని పంపు దగ్గరి మనిషికి పది సార్లు చెప్పి పోయింది. అతను ఒక పూట మరిచాడు. తిరిగి వచ్చేసరికి మడి అంచున చాటంత మేర గడ్డి మాడిపోయింది. అవ్వ దాని పక్కన కూలబడింది. మర్నాడు నా గది గుమ్మంలో నిలబడి, "నా పేరు కొట్టెయ్. నేను రాను" అన్నది.

నేను అరిచాను. నీకు మతి పోయిందా అన్నాను. గడ్డి పోతే మళ్లీ మొలుస్తుంది, గరికను చంపడం ఎవరి తరం అన్నాను.

"గట్ల వదిలిపెడితె మొలిచేది వేరే. గిది నేను సాదింది" అన్నది. "ఐదు దినాలు ఎండల ఎవలు సూస్తరు? నువ్వు పోయి సూసి రా. ఏమేం ఉన్నదో మొత్తం సూసి వచ్చి చెప్పు."

ఆమె పేరు మీద గీత నా చేత్తో నేనే కొట్టాను. ఫారంలో ఆమె చోట వంటాయన పేరు ఎక్కింది. నేను సేటుతో ప్రయాణమంతా మాట్లాడలేదు.

సికింద్రాబాద్‌లో రైలు మారి మర్నాటికి చేరాం. ఆ మైదానం అంచున కాలు పెట్టగానే చెప్పులు విడిచేశాను, ఎవరూ చెప్పకుండానే. అరికాళ్ల కింద చల్లగా, మెత్తగా, ఎంత దూరం చూసినా అదే. దాని అవతల సముద్రం లేచి పడుతోంది. దేవుడా, ఇంత ఉందా అనుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. నాతో వచ్చిన పెద్దమనుషులు కూడా గుడిలోనో చర్చిలోనో నిలబడ్డట్టు గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు.

ఆట మాత్రం నవ్వులపాలైంది. అక్కడ గుంతల చుట్టూ నేల కావాలనే ఏటవాలుగా చేశారు. మావాళ్లు అవ్వ మడి మీద నేర్చుకున్నట్టు తిన్నగా కొట్టారు. ప్రతి బంతీ పక్కకు జారి ఎటో పోయింది. సేటు బంతి మూడు సార్లు గడ్డి దాటి ఇసుకలో పడింది. "మీ అవ్వ మరీ సాపు చేసింది" అని సారు పొట్ట పట్టుకుని నవ్వాడు. సమంగ ఉండాలని మీరే అన్నారు కదా అని నేను విరుచుకుపడ్డాను.

తిరిగి వచ్చేసరికి అవ్వ మడి దగ్గరే ఉంది. మాడిన చోటు కూడా పచ్చబడింది. నేను ఆమె పక్కన కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను. సముద్రం రంగు, దాని చప్పుడు, అరికాలి కింద గడ్డి, జారిపోయిన బంతులు, అన్నీ. ఆమె రెప్ప వేయకుండా విన్నది.

"నేల వంకరగ పెట్టుకున్నరా?" అన్నది. "పైసలు పెట్టి మరీ వంకరగ?"

అవునన్నాను. ఆమె మడి అంచున మొలిచిన తుంగను పీకి పక్కన వేసింది.

"గంత గడ్డిల కలుపు ఎవలు తీస్తున్రు?"

అక్కడ రోజూ పొద్దున్నే ఆ పచ్చదనం అంచున దూరంగా కొందరు ఆడవాళ్లు వరుసగా వంగి కనిపించారు. గవ్వలు ఏరుకుంటున్నారనుకున్నాను. ఒక్కసారి కూడా అటు నడిచి పోలేదు. కలుపు తీసే తల్లి కడుపున పుట్టి, అన్నీ చూసి చెప్పమని ఆమె పంపితే పోయి, నేను వాళ్లను చూడలేదు. సిగ్గుతో తల వంచుకుని, తెలియదన్నాను.

"సూడలేదా బిడ్డా?" అన్నది అవ్వ. నిష్ఠూరమేమీ లేదు ఆ గొంతులో. ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది.