నల్లా వచ్చినప్పుడు ఆడిందెవరు

బీడీ కార్మికుల కాలనీ మా విడీ ఘర్కుల్‌లో బీడీ కార్డు ఒక్కరి పేరు మీదే ఉంటుంది. బీడీలు చుట్టేది మాత్రం ఆ ఒక్క చెయ్యే కాదు. నేను పొయ్యి దగ్గరికి లేస్తే నా బీడీల చాటను కోడలు ఒళ్లోకి లాక్కుంటుంది. ఆమె లేస్తే మనవరాలు కూర్చుని దారం చుడుతుంది. పని ఆగకూడదు, అంతే. దాన్ని మోసమని ఇన్నేళ్లలో ఎవరూ అనలేదు. అందుకే మనవరాలి చదరంగం ఖాతా మూసేశారన్న రోజు నాకు సంగతే అర్థం కాలేదు.

ఎనిమిదో తరగతి పిల్ల. ఎక్కడెక్కడి వాళ్లతోనో ఫోనులో చదరంగం ఆడుతుంది. డేటా ఖర్చవుతుందని నేను తిడుతూనే ఉంటాను. ఆ సాయంత్రం ఫోను నా ముందు పెట్టి ఏడ్చింది.

"అవ్వా, నేను కంప్యూటర్‌ను అడిగి ఆడుతున్ననంట. ఖాతా బంద్ పెట్టిండ్రు."

"అడిగినవా?"

"లేదవ్వా! ఒట్టు!"

"ఒట్లు తర్వాత. ఇది పరీక్షల కాపీ కొట్టుడు లాంటిదా?"

"అట్లనే. ఇంకో ఫోన్ల మన ఆట పెడితే ఏ ఎత్తు ఎయ్యాల్నో అది చెప్తది. చూసి ఏస్తే చీటింగ్."

చదరంగం నేర్పే సారు పెద్ద పోటీకి పిల్లల్ని ఎంచుతున్నాడు. ఈ సంగతి తేలేదాకా దీని పేరు పక్కన పెడతానన్నాడట. ఏడుపంతా అందుకే.

నన్ను మాత్రం వేరే ప్రశ్న పట్టుకుంది. ఏ దేశంలోనో కూర్చున్న వాళ్లకు మా గదిలో ఎవరు ఏం చూసి ఆడారో ఎలా తెలుస్తుంది? ఫోనుకు కెమెరా ఉంది కదా అని చప్పున దాన్ని బోర్లా పెట్టాను. పిల్ల ఏడుపులోనే నవ్వింది.

"మనల్ని చూస్తలేరవ్వా. ఎత్తులు చూస్తరు. కంప్యూటర్ చెప్పే ఎత్తులతోని ఎన్ని కలుస్తున్నయి, ఏది ఎంతసేపట్ల ఏసినం, అదంతా లెక్కేస్తరు."

"ఎంతసేపట్ల ఏసినవో గూడా ఉంటదా? చూపియ్యి."

వాళ్లు తప్పు పట్టిన ఆట ఒకటి తీసింది. ఒక్కో ఎత్తు పక్కన ఎన్ని సెకన్లు పట్టిందో ఉంది. నాది మూడో తరగతి చదువే అయినా అంకెలు వచ్చు. ఏది సులువైన ఎత్తో, ఏది కష్టమైనదో ఒక్కొక్కటీ చెప్పమన్నాను.

"ఇది అల్కగనే. వాని గుర్రం ఉత్తగ దొరికింది." అక్కడ రెండు సెకన్లు ఉన్నాయి.

"ఈడ జర పరేషాన్ అయిన." అక్కడ నిమిషం దాటింది.

అలా సగం ఆట దాకా నడిచింది. ఆ తర్వాత అంకెలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. సులువైనదానికీ అంతే, కష్టమైనదానికీ అంతే. పిల్ల ఫోను దగ్గరికి లాక్కుని ఆ ఎత్తులే మళ్లీ మళ్లీ చూసింది.

"ఏందే, ఏం జూస్తున్నవ్?"

"ఇవి నేను ఎయ్యలే అవ్వా."

"మరి దయ్యమేసిందా?"

"గా రోజు నల్లా వచ్చింది. బిందెలు పట్టనీకి నువ్వే పిలిచినవ్."

మాకు నీళ్లు రోజూ రావు. నల్లా వచ్చిందంటే ఎవరు ఏ పనిలో ఉన్నా వదిలి బిందె అందుకోవాల్సిందే. పిల్ల ఫోను వదిలి వెళ్లేది. తిరిగొచ్చేసరికి ఆట గెలిచి ఉండేది. అవతలివాడు మధ్యలోనే ఓటమి ఒప్పుకున్నాడని వాళ్లన్న చెబితే నమ్మిందట. తప్పు పట్టిన మిగతా ఆటలూ తీసి చూసింది. అన్నీ నల్లా వచ్చిన రోజులవే.

వాళ్లన్న పాలిటెక్నిక్ చదువుతాడు. రాగానే గుమ్మంలోనే ఆపాను.

"నీ చెల్లె ఆట నువ్వు ఆడినవారా?"

"పూరా చేసిన అవ్వా. టైం అయిపోయి ఓడిపోతుండె మరి."

"నీ తెలివితోనా?"

వాడు చెప్పులు విప్పుతూ తల దించుకున్నాడు. "నా ఫోన్ల అడిగి."

"అన్ని ఎత్తులకూ ఒక్కటే సేపు ఎట్ల పట్టిందిరా?" తిట్టడం కన్నా ముందు నాకు అది తెలియాలి.

"అవతలోని ఎత్తు నా ఫోన్ల పెట్టాలె, అది చెప్పింది చూడాలె, మళ్ల దీని ఫోన్ల ఎయ్యాలె. గంతసేపు పడ్తది గదా. అల్కదో, కష్టమో నాకేం ఎరుక?"

నా ప్రశ్నకు జవాబు దొరికింది. వాడికి ఆలోచించడానికి సమయమే పట్టలేదు. పట్టిందంతా ఎక్కించడానికే.

వాడు ఊరుకోలేదు. "నువ్వు లేస్తే నీ చాట అమ్మ అందుకుంటలేదా? నేను గూడ గదే చేసిన."

వాడి మాట కొట్టిపారేసేది కాదు.

"కార్ఖానకు బీడీలు గావాలె. ఎవలు చుట్టిండ్రని అడగరు," అన్నాను. "ఈడ అవతలోడు కూసున్నది నీ చెల్లెతోని ఆడనీకి. నీ ఫోనుతోని కాదు."

మర్నాడు ఇద్దరినీ సారు దగ్గరికి తీసుకెళ్లాను. మనవడు చేసిందంతా వాడి నోటితోనే చెప్పించాను. సారు బల్ల మీద పావులు పేర్చి ఆ ఆటను మొదటి నుంచీ నడిపించాడు. నల్లా రాకముందు వేసిన ప్రతి ఎత్తుకూ పిల్ల కారణం చెప్పింది. కొన్ని తప్పు కారణాలట, సారు సరిదిద్దాడు. తర్వాత ఒకచోట ఆగాడు.

"ఈ శకటు ఇక్కడికి ఎందుకొచ్చింది?"

"తెల్వది సార్."

సారు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చాలాసేపు చూశాడు. "నాకూ తెల్వది," అని నవ్వాడు. పిల్ల పేరు మళ్లీ పోటీలోకి ఎక్కింది.

ఖాతా మాత్రం తెరవలేదు. ఖాతా మూసినవాళ్లకు జరిగింది జరిగినట్టు ఇద్దరి చేతా రాయించాం. ఖాతా ఎవరిదైతే జవాబుదారీ వాళ్లదేనని, కావాలంటే కొత్త ఖాతాతో మొదటి నుంచి మొదలుపెట్టమని బదులొచ్చింది.

"నేను చెయ్యంది నా మీదెందుకు?" అని పిల్ల రుసరుసలాడింది.

"కార్డు నా పేరు మీదుంది. మీ అమ్మ చుట్టిన బీడీలు వంకరపోతే మాట పడేది నేనే గదా," అన్నాను. అది మూతి ముడుచుకుని కొత్త ఖాతా తెరిచింది.

మొన్న నల్లా వచ్చింది. అలవాటు కొద్దీ పిల్లను పిలవబోయి దాని మొహం చూసి ఆగాను. బిందెలు మోసేది ఇప్పుడు వాళ్లన్న.

"ఇంకెంతసేపే మహారాణీ? ఒక్క బిందె అన్న పట్టు!" అని వాడు బయటి నుంచి అరిచాడు.

"ఆగు, ఏ ఎత్తు ఎయ్యాల్నో సోచాయిస్తున్న!"

నేను ఆకు కత్తిరిస్తూ దాని వేలినే చూస్తున్నాను. వేలు ఇంకా కదల్లేదు. కష్టమైన ఎత్తే అయి ఉంటుంది.